కోసి చూసినాకే అమ్మినాం

మా నాయన పుంగనూరులో బాడుగ కారు తోలేవాడు. కారు ఆయనదే, డ్రైవరూ ఆయనే. పెండ్లిండ్లకు పోయేది, తిరపతికి పోయేది, అన్నిటికంటే ఎక్కువగా వేలూరు ఆస్పత్రికి పోయేది ఆ కారు. వెనక సీట్లో నొప్పితో మూలుగుతా పడుకున్న మనిషి, పక్కన కొంగు నోట్లో కుక్కుకున్న పెండ్లామో తల్లో ఉండంగా, పలమనేరు దాటినాక కారు రోడ్డు పక్కన నిలబడిపోతే వాళ్ల గతేమి? ఈ మాట ఆయన ఎప్పుడూ అంటుండేవాడు. అందుకే కారును మాకంటే జాగ్రత్తగా చూసుకునేవాడు. మాకు దగ్గొస్తే "రెండు దినాలు సూద్దాంలే" అనేవాడు. కారు దగ్గితే మాత్రం ఆ పూటే మెకానిక్కు దగ్గరికి పోవాల్సిందే.

పొద్దున్నే బానెట్ ఎత్తి, నన్ను పక్కన నిలబెట్టుకుని కారు స్టార్ట్ చేసేవాడు. "విను పాపా, ఏం సెప్తాండాదో" అనేవాడు. నాకు మొదట్లో అంతా ఒకటే రొద. పోనుపోను అందులో బెల్టు తిరిగే చప్పుడు వేరు, వాల్వుల చప్పుడు వేరు అని తెలిసొచ్చింది. ఆడపిల్లకు ఇదంతా యాల అని మా అవ్వ సణిగేది. నాయన వినిపించుకునే రకం కాదు.

తొంభైల మొదట్లో మదనపల్లె కాలేజీలో కెమిస్ట్రీతో బీయస్సీ చేసినాను. పరీక్షలు అయిన ఏడాదికే మదనపల్లెలోనే సంబంధం కుదిరింది. బెంగుళూరు రోడ్డులో వాళ్లకు మోటారు స్పేర్ పార్టుల అంగడి. మామ అప్పటికే లేడు. అంగడి మా ఆయన చూసుకునేవాడు, మా అత్త పొద్దున పూట వచ్చి కౌంటర్లో కూర్చునేది. కొత్తలో నా పని అన్నం క్యారియర్ తీసుకుపోవడం వరకే. ఒకరోజు నేను క్యారియర్ పెట్టి ఊరికే నిలబడక, ఫ్యాన్ బెల్టులన్నీ సైజుల వారీగా సర్ది కొక్కేలకు తగిలించినాను. మా అత్త అది చూసి, "ఇంట్లో గోడలు సూస్తా కూర్చుంటే ఏమొస్తాది? రేపట్నుంచి అంగట్లోనే ఉండుపో" అనింది. మా వీధిలో కోడలిని అంగట్లో కూర్చోబెట్టిన అత్త ఆమే మొదలు. ఎవరన్నా మూతి తిప్పితే, "మీ కోడండ్లకు బేరింగు నంబర్లు తెలిస్తే మీరూ కూర్చోబెట్టండి" అనేది.

మాకు వచ్చేవాళ్లలో సగంమంది జీపులవాళ్లు. తంబళ్లపల్లె వైపు పల్లెలకు జనాన్ని ఎక్కించుకుపోయే జీపులు, టమోటా బుట్టలు మోసే వ్యాన్లు, బాడుగ కార్లు. ఎవరికైనా ఆయిల్ ఫిల్టరు కావాల్సిందే. బయటికి చూస్తే అది చిన్న రేకు డబ్బా. ఇంజిన్లో తిరిగే నూనెలోని మసినీ, ఇనప రజాన్నీ లోపలుండే మడతల కాగితం వడగట్టాలి. కానీ డబ్బా మూసుకుని ఉంటుంది. లోపల ఏముందో కొనేవానికీ తెలీదు, అమ్మేవానికీ తెలీదు. పైన ఉండే రంగు, పెట్టె మీది బొమ్మ, ఏజెంటు మాట, ఇవి మూడే ఆధారం. మేమూ అట్లే అమ్మినాం.

ఒక ఏడు ఎండాకాలం ముందర ఏజెంటు ఒకడు కొత్త రకం ఫిల్టర్లు తెచ్చినాడు. మంచి మాటకారి. పెట్టె చూస్తే పట్టుచీర పెట్టిచ్చే డబ్బా మాదిరి తళతళలాడేది. మా ఆయన చాలానే దించుకున్నాడు. మా దగ్గర మాల్ తీసుకునే కుప్పం అంగడాయనకు కూడా అందులోంచి పంపించినాడు. పుంగనూరు డ్రైవర్లయితే మా నాయన చెప్పినాడని నేరుగా మా అంగడికే వచ్చి కొనుక్కుపోయినారు.

కొన్నాళ్లకు నాయన ఎవరినో మదనపల్లె ఆస్పత్రిలో దించి, అంగడి ముందర కారు నిలిపినాడు. ఎప్పుడూ దిగినవెంటనే నన్ను పలకరించే మనిషి, ఆరోజు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అట్లే కూర్చున్నాడు.

"ఏం నాయనా, అట్ల ఉండావు?"

"ఇంజిను మాట మారింది పాపా. పొద్దున్నే స్టార్ట్ చేస్తే టకటకమంటాది. ఆయిల్ లైటు ఎర్రగా అట్లే ఉంటాది, తొందరగా ఆరిపోదు. కొంచేపటికి అంతా సర్దుకుంటాది. మళ్లా మరుసటి దినం పొద్దున అదే కత."

"మెకానిక్కు ఏమన్నాడు?"

"ఆయిలు పంపు అరిగిపోయింది, ఇంజిను దించాల అంటాడు. వానికేం, దించమంటాడు."

నేను ఆలోచనలో పడినాను. అరిగిన పంపయితే రోజంతా ఇబ్బంది పెట్టాలి. ఒక్క పొద్దున పూట మాత్రమే యాల? రాత్రంతా నిలబడిన కారులో ఏమవుతుంది? నూనె కిందికి దిగిపోతుంది. దిగిపోకుండా ఫిల్టరులో పట్టుకుని ఉండాల్సింది ఒకటుంది కదా. లోపల ఒక రబ్బరు రేకు ఉంటుందని, ఇంజిను ఆగినాక నూనె వెనక్కి రాకుండా అది మూసుకుంటుందని ఏదో కంపెనీ కాగితం మీద బొమ్మ చూసినట్టు గుర్తు.

"ఎప్పట్నుంచి నాయనా ఇట్ల?"

ఆయన లోపల కూర్చున్న అల్లుడి వైపు చూసి, గొంతు తగ్గించి, "పోయినసారి ఆయిలు మార్చినప్పట్నుంచి" అన్నాడు.

మా ఆయనకు వినపడింది. బయటికి వచ్చి, "మన ఫిల్టరే కదా మామా ఏసింది? కొత్త రకం?" అని అడిగినాడు. నాయన తలూపినాడు. ఇంకెవరైనా అయితే "మా ఫిల్టరుకేం, మీ ఇంజినే పాతది" అనేసి ఉందురు. మా ఆయన ఆ మాట అనలేదు. లోపలికిపోయి, అంతకుముందు అమ్ముతుండిన పాత రకం ఫిల్టరు ఒకటి మిగిలి ఉంటే వెతికి తెచ్చినాడు. పక్క షెడ్డులో అప్పటికప్పుడు దాన్ని బిగించినారు. కారులోంచి తీసినదాన్ని నేను ఒక రేకు పళ్లెంలో పెట్టి, నూనె కారిపోనిచ్చి దాచుకున్నాను.

మూడోనాడు పక్కనుండే టెలిఫోన్ బూత్ వాళ్లు కేకేసినారు. నాయన ఫోను. "టకటక పోయింది పాపా. లైటు ఇట్ల కనపడి అట్ల ఆరిపోతాండాది. పంపుకేం రోగం లేదు" అన్నాడు. ఆ గొంతులో సంతోషం విని నాకు నవ్వొచ్చింది. ఫోను పెట్టేసి వచ్చి, దాచిన ఫిల్టరును బల్లకుండే వైస్‌లో బిగించి, హ్యాక్సా బ్లేడు అందుకున్నాను.

"ఏం చేస్తాండావు మే?" అన్నాడు మా ఆయన.

"కోసి సూస్తా."

అంచు పక్కన చుట్టూ కోసినాను. చేయి నొప్పి పుట్టింది గానీ బ్లేడు ఎవరికీ ఇవ్వలేదు. మూత ఊడొచ్చింది. లోపల మడతల కాగితం పొడుగు గొట్టం మాదిరి ఉండాలి. ఉంది, కానీ మడతలు పల్చగా, ఒకచోట దగ్గరగా, ఒకచోట ఎడంగా, పండ్లూడిన నోరు మాదిరి ఉన్నాయి. కాగితానికీ పైన ఉండే బిళ్లకూ మధ్య జిగురు సగం చుట్టే పూసినారు. మిగతా సగం సందు. నూనె కాగితంలోంచి పోనక్కరలేదు, ఆ సందులోంచే మసితో సహా దర్జాగా పోవచ్చు. ఇంక ఆ రబ్బరు రేకు ఎండిన అరిటాకు మాదిరి బిరుసెక్కి, ఒకపక్క లేచిపోయి ఉంది. అది మూసుకునేది ఏముంది, రాత్రికి రాత్రి నూనె అంతా దిగిపోయి ఉంటుంది.

మా ఆయన చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసినాడు. అలమరలోంచి అదే రకం కొత్త ఫిల్టరు ఒకటి తీసి, సీలు చింపి, వైస్‌లో తానే బిగించి, తానే కోసినాడు. అదీ అంతే. రబ్బరు కొత్తగా మెత్తగానే ఉంది గానీ, జిగురు సందు, పల్చటి మడతలు అచ్చం అవే.

"వాడి మాటలు నమ్మి..." అని సగంలో ఆపేసినాడు.

కానీ నాకు ఇంకో అనుమానం మిగిలింది. మడతలు ఎట్లున్నా, అసలు ఆ కాగితం ఎట్లాంటిది? ఇంజిన్లో మరిగే నూనెలో నానాల్సిన కాగితం అది. మంచి ఫిల్టరు కాగితానికి ఒక రకం బంక పట్టించి, సెగ పెట్టి గట్టి చేస్తారు. ల్యాబులో వడపోత కాగితాలతో తంటాలు పడిన దాన్ని కాబట్టి ఆ తేడా నాకు తెలుసు. ఇంటికిపోయి పెరట్లో కిరసనాయిలు స్టవ్వు ముట్టించి, ఒక గిన్నెలో నీళ్లు పోసి, పక్క షెడ్డులో విప్పి పారేసిన పాత రకం ఫిల్టరులోని కాగితం ముక్క ఒకటి, కొత్త రకం ముక్క ఒకటి వేసి ఉడకబెట్టినాను.

మా అత్త వచ్చి చూసింది. "ఏమ్మే, ఏం వండుతాండావు? నా చింతపండు గిన్నె కదా అది!"

"ఫిల్టరు కాగితం అత్తా."

ఆమె నా పక్కనే పీట వేసుకుని కూర్చుంది. కొంచేపటికి పుల్లతో రెండు ముక్కలూ బయటికి తీసినాను. పాత రకం ముక్క తడిసింది గానీ, మడత మడతగానే నిలబడింది. కొత్త రకం ముక్కను పుల్లతో ఎత్తబోతే తెగి గిన్నెలో పడింది. వేలితో నొక్కితే పిండి అయిపోయింది.

అత్త దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఇది కాగితమా, గంజా?" అనింది. "ఈ గంజినేనా మనం ఇండ్లిండ్లకూ అమ్మింది?"

ఆ సాయంత్రం ముగ్గురం వరండాలో కూర్చున్నాం. అంగట్లో ఉండే సరుకు వెనక్కి పంపేది సరే. ఇప్పటికే అమ్మినవాటి సంగతేమి? ఎవరికీ తెలీదు, ఎవరూ అడగలేదు, ఇంజిన్లు ఒక్కసారిగా చెడిపోయేవి కాదు. నెమ్మదిగా అరిగిపోతాయి, అరిగినాక ఫిల్టరు మీదికి ఎవరూ రారు. మా ఆయన ఇదంతా ఒక్కొక్కటే పైకి చెప్పుకుంటా పోయినాడు. చివరికి తలెత్తి, "మామ కారు తప్పించుకునింది, నువ్వు ఉండావు కాబట్టి. మిగతావాళ్లకు ఎవరుండారు?" అన్నాడు.

"అయితే పోండి, తెచ్చుకోండి" అనింది మా అత్త. "అమ్మింది మనం, తెచ్చుకునేదీ మనమే. అంగడి నేను సూసుకుంటా."

మార్చేదానికి పాత రకం ఫిల్టర్లు తెప్పించుకున్నాం. మదనపల్లె వాళ్లవి తేలిగ్గానే అయిపోయినాయి. పుంగనూరుకు నేనూ మా ఆయనా స్కూటరు మీద పోయినాం. కార్ల స్టాండులో అందరూ నన్ను చిన్నప్పట్నుంచి ఎరిగినవాళ్లే. కోసిన పాత రకం ఫిల్టరూ, కొత్త రకం ఫిల్టరూ ఒక బానెట్ మీద పెట్టి, ఇది ఎట్లుండాలి, ఇది ఎట్లుండాది అని చూపించినాను. ఒకాయన మాత్రం, "నా బండి బాగనే ఉండాది కదమ్మా, బాగుండేదాన్ని యాల కెలికేది?" అని మొరాయించినాడు.

మా నాయన అందుకున్నాడు. "బాగుండేటప్పుడే ఫిల్టరు తీయాలప్పా. చెడిపోయినాక తీసేది ఇంజిన్ను" అన్నాడు. ఆయన మాటకు స్టాండులో ఎదురు లేదు. ఆ మధ్యాహ్నం చింతచెట్టు నీడలో కార్లన్నీ వరసగా నిలబెట్టి, నాయనే చొక్కా చేతులు పైకి మడుచుకుని ఒక్కొక్కదాని కిందికి దూరి ఫిల్టర్లు మార్చినాడు. నేను ఒకటొకటీ అందిస్తా ఉన్నాను.

కుప్పం మాత్రం అంత తేలిగ్గా కాలేదు.

పలమనేరు, వి.కోట మీదుగా బస్సులో పోయి, కుప్పంలో దిగినాం. రైల్వే స్టేషనుకు పోయే దారిలో ఉండేది ఆయన అంగడి. పెద్ద మీసాలు, తెల్ల పంచె. తెలుగు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో అరవమూ కన్నడమూ దొర్లేవి. మా ఆయన విషయం చెప్పినాడు. ఆయన బల్ల మీద మోచేతులు ఆనించి విన్నాడు, విని నవ్వినాడు.

"ధర పెరిగిపోయింది, అప్పడియా, అంతేనా? నా దగ్గర ఉండేది ఎత్తుకునిపోయి ఎక్కువకు అమ్ముకుంటారేమో?"

మా ఆయన ముఖం ఎర్రబడింది. నేను ముందుకు వచ్చినాను.

"అన్నా, మేము తెచ్చినవి సూడొద్దు. మీ అంగట్లోంచి మీ చేత్తో ఒకటి తీయండి. ఈడనే కోస్తాం."

"ఏమ్మా, కంపెనీ వానికి తెలీనిది నీకు తెలుసునా?"

"నాకూ తెలీదన్నా. కోస్తే ఇద్దరికీ తెలుస్తాది."

ఎదురుగా టీ అంగడి. అక్కడ నిలబడిన డ్రైవర్లు గ్లాసులతో సహా ఇటు వచ్చినారు. ఆయన అలమరలోంచి ఒక పెట్టె తీసి నా ముందర పెట్టినాడు. నేను హ్యాక్సాతో కోయడం మొదలుపెట్టినాను. చీర కుచ్చిళ్లు దోపుకుని రేకు డబ్బా కోసే ఆడమనిషిని వాళ్లు అంతకుముందు చూసి ఉండరు. మూత తీసి లోపలుండేదాన్ని బయటికి లాగినాను.

బాగుంది.

జిగురు చుట్టూ నిండుగా ఉంది. మడతలు ఒత్తుగా, సమానంగా ఉన్నాయి. రబ్బరు ఆనుకుని ఉంది. కుప్పం ఆయన నావైపు చూసి, మీసం దువ్వుకున్నాడు. "ఇప్పుడు తెలిసింది కదమ్మా ఇద్దరికీ" అన్నాడు. డ్రైవర్లలో కొందరు నవ్వినారు.

బస్సులో వచ్చిందంతా, అందరి ముందర నిలబడిందంతా ఇందుకేనా అనిపించింది. మా ఆయన సంచి సర్దుకోబోయినాడు. నేను కోసినదాన్ని చేతిలోనే పట్టుకుని నిలబడినాను. మేము మదనపల్లెలో కోసినవి రెండూ అబద్ధం కాదు. ఇదీ అబద్ధం కాదు. అవీ ఇదీ ఒకే రకం పెట్టెల్లో వచ్చినాయి. అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. అన్నీ చెడ్డవైతే ఎవరో ఒకరు ఎప్పుడో కనిపెట్టేస్తారు. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది వస్తుంటే ఎవరు పట్టుకుంటారు?

"అన్నా, ఇది బాగుండాది. ఒప్పుకుంటా. ఇంకొకటి ఇస్తారా?"

"ఒకటి కోసేసినావు, సాలదా?"

అప్పుడు డ్రైవర్లలోంచి ఒకాయన, పాలవ్యాను తోలే మనిషి, టీ గ్లాసు కింద పెట్టి, "ఇయ్యన్నా" అన్నాడు. "నా బండికి ఏసింది రెండోదైతే? నాకు తెలియాల కదా."

అంగడాయన ముఖం కొంచెం మారింది. ఇంకో పెట్టె తీసినాడు. ఈసారి కోయడానికి ఆ వ్యాను డ్రైవరే ముందుకు వచ్చినాడు. మూత ఊడదీసి లోపలుండేది బయటికి లాగుతుంటే కాగితం పైబిళ్లలోంచి ఊడి చేతికొచ్చింది. జిగురు పూసిన ఆనవాలే లేదు ఒకవైపు.

కుప్పం ఆయన ఆ రెండింటినీ చెరో చేత్తో పట్టుకుని, తూకం వేస్తున్నట్టు చూసినాడు. "రెండూ నేనే అమ్మేటోణ్ణి కదమ్మా" అన్నాడు మెల్లగా. "ఎవని అదృష్టం ఎట్లుంటే అది."

"బండికి అదృష్టం అంటగట్టకూడదన్నా" అన్నాను.

ఆయన లేచి, లోపలుండే పెట్టెలన్నీ తానే మోసుకుని వచ్చి మా ముందర పెట్టినాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పిలిచినాడు. ఆయన భార్య రాగి సంగటీ, వంకాయ పులుసూ పెట్టింది. ఆమె నా చేతి మీద రేకు గీసుకున్న చోట పసుపు అద్దుతా, "ఇంత పట్టు యాల పట్టినావమ్మా?" అని అడిగింది. "మా నాయన కారు" అన్నాను. ఆమెకు అర్థమైందో లేదో.

ఏజెంటు మళ్లా మా ఊరికి రాలేదు. సరుకు అంతా లారీలో వెనక్కి పంపించినాం.

అప్పట్నుంచి మా అంగట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ రకమైనా, ఏ పేరైనా, పెద్ద అట్టపెట్టె దిగినప్పుడల్లా అందులోంచి ఒకటి కోసి చూడాల్సిందే. పోయినసారి బాగుంది కదా అని ఈసారి వదిలిపెట్టేది లేదు. అన్నీ కోయలేం కాబట్టి, కోయకుండా చూసేవి కూడా నేర్చుకున్నాం. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల ఏదీ కదలకూడదు. ఇంజినుకు బిగించే మర చేత్తో తిప్పితే నున్నగా పోవాలి, ఇనప పొట్టు వేలికి అంటకూడదు. పైనుండే రబ్బరు వాచరును గోటితో నొక్కితే లోపలికి పోయి మళ్లా పైకి రావాలి. ల్యాబులో వాడే మాదిరి రబ్బరు బిరడా ఒకటి తెప్పించి, దానికి గొట్టం గుచ్చి, ఫిల్టరు నడిమధ్య బొక్కలో బిగించి నోటితో ఊదేదాన్ని. లోపలి రబ్బరు రేకు మంచిదైతే గాలి పక్కనుండే చిన్న బొక్కల్లోంచి బయటికి రాదు. వచ్చిందంటే ఆ ఫిల్టరు పొద్దున పూట టకటకమనిపించేదే. నేను ఊదుతుంటే కొత్తగా వచ్చినవాళ్లు వింతగా చూసేవాళ్లు. "మా కోడలు నాదస్వరం నేర్చుకుంటాండాది" అని మా అత్త వాళ్లకు చెప్పేది.

బరువుగా ఉంటే మంచిదని మొదట్లో నేనూ అనుకున్నాను. తప్పు. బరువంతా రేకులో ఉండి లోపల ఏమీ లేనివి చూసినాను. పెద్ద పేరుంటే మంచిదనీ అనుకున్నాను. అదీ ఎప్పుడూ నిజం కాదు. అరవదేశం వైపు నుంచి ఒక చిన్న కంపెనీ ఫిల్టరు వచ్చేది. పెట్టె చూస్తే బీడీకట్ట కాగితం మాదిరి మోటుగా ఉండేది. ఏ పెట్టెలోంచి ఏది తీసి కోసినా ఒకే తీరుగా ఉండేది లోపల. ఆ కంపెనీ మనిషి మొదటిసారి వచ్చినప్పుడు, "కోయొచ్చునా?" అని అడిగినాను. ఇంకెవరైనా ముఖం చిట్లించేవాళ్లు. ఆయన తన సంచిలోంచే బ్లేడు తీసి ఇచ్చినాడు. "కోయండమ్మా, మేమూ దినాము కోస్తాము" అన్నాడు. నాకు ఆ మాటతోనే సగం నమ్మకం కుదిరింది. మిగతా సగం కోసినాక కుదిరింది.

రెండువేల ఏండ్లు వచ్చేసరికి రోడ్ల మీద కొత్తరకం చిన్న కార్లు పెరిగినాయి. ఫిల్టర్లు చిన్నవైపోయినాయి, వాటి పని మాత్రం తగ్గలేదు. కొన్నిటిలో రేకు డబ్బానే లేదు, ఉత్త కాగితం గుండ్రం, పైన ప్లాస్టిక్ మూత. మళ్లా మొదట్నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. మా ఊరి పక్కనుండే అంగళ్లు అనే పల్లెలో కొత్తగా కాలేజీ వచ్చినాక అక్కడి సార్లు కూడా కార్లకు మా అంగట్లోనే ఫిల్టర్లు తీసుకునేవాళ్లు. మా ఆయన కౌంటర్లో ఉన్నా, "మేడం లేరా?" అని అడిగేవాళ్లు. మా ఆయన నొచ్చుకునేవాడేమో అనుకుంటారు ఎవరైనా. లేదు. "కూర్చోండి సార్, అన్నానికి పోయింది, వస్తాది" అని కుర్చీ వేసేవాడు. ఆ చెప్పే తీరులో ఒక దర్జా ఉండేది, తానే నా చేత కోయించినట్టు.

ఆ రోజుల్లోనే నాయన కారు ఇంజిను విప్పాల్సి వచ్చింది. వేరే ఏదో లీకేజీ. ఎట్లాగూ విప్పుతాండారు కదా, అడుగుదాకా చూసేద్దామని మెకానిక్కు అన్నాడట. నాయన నాకు ఫోను చేసి, "ఒకసారి వచ్చిపో పాపా" అన్నాడు, ఎందుకో చెప్పలేదు. కంగారుగా పుంగనూరు పోయినాను. షెడ్డులో స్టాండు డ్రైవర్లంతా గుమిగూడి ఉన్నారు. బల్ల మీద పాత గుడ్డ పరిచి, దాని మీద ఇంజిను అడుగున తిరిగే ఇరుసు, క్రాంకు, పెట్టి ఉంది. బేరింగులు కూర్చునే చోట్లు అద్దం మాదిరి మెరుస్తా ఉన్నాయి. నాయన నా చేయి పట్టుకుని, నా గోరు దాని మీద నెమ్మదిగా జరిపించినాడు. ఎక్కడా గీత తగల్లేదు.

మెకానిక్కు, "ఇన్నేండ్లు ఘాట్ రోడ్డు తిరిగిన ఇంజిను అంటే నేను నమ్మనప్పా" అన్నాడు.

నాయన పొగిడే మనిషి కాదు. నాకు డిగ్రీలో ఫస్టు క్లాసు వచ్చినప్పుడు కూడా "ఊ" అని పేపరు మడిచి పెట్టినాడు. ఆరోజు మాత్రం అందరి వైపూ తిరిగి, "మా పాప ఏరిచ్చిన ఫిల్టర్లే ఇన్నేండ్లూ" అన్నాడు. అని, కళ్లలో ఏదో పడినట్టు ముఖం అటు తిప్పుకుని గుడ్డతో క్రాంకు తుడవడం మొదలుపెట్టినాడు. దాని మీద తుడవాల్సింది ఏమీ లేదు.

తర్వాత రెండేండ్లకేమో, కుప్పం ఆయన ఆయుధపూజకు రమ్మని పిలిచినాడు. ప్రతి ఏడూ స్టేషను దగ్గర బండ్లన్నీ కడిగి, అరిటిపిలకలు కట్టి, బూడిదగుమ్మడికాయలు కొట్టి పెద్దగా చేస్తారు డ్రైవర్లు. నాయనే తన కారులో నన్నూ, మా ఆయననూ, మా అత్తనూ ఎక్కించుకుని తీసుకుపోయినాడు. కుప్పం ఆయన అంగట్లో అడుగుపెట్టినాను, నవ్వు ఆపుకోలేకపోయినాను. గోడకు చెక్క పలక కొట్టి, దాని మీద కోసిన ఫిల్టర్లు వరసగా మేకులకు తగిలించినాడు. మంచివి ఒకవైపు, చెడ్డవి ఒకవైపు. మేము లోపలికి పోయేసరికి ఒక కొత్త డ్రైవరుకు కర్రతో చూపిస్తా, "ఇదో సూడప్పా, జిగురు ఈడ లేదు, ఇది మోసం" అని పాఠం చెబుతున్నాడు. నన్ను చూసి కర్ర కింద పెట్టేసి, "పంతులమ్మ వచ్చేసింది, ఇంక నా పని అయిపోయింది" అన్నాడు.

పూజ అయినాక బండ్ల మధ్యలో ఒక బల్ల వేసి, నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు అంతమంది ముందర మాట్లాడే అలవాటు లేదు. మా అత్త వెనకనుంచి, "అంగట్లో చెప్పినట్టే చెప్పు మే, వీళ్లేమన్నా కొత్తవాళ్లా?" అని వీపు మీద తట్టింది. చేతిలో ఫిల్టరు పట్టుకున్నాక భయం పోయింది. ఊపి చూపించినాను, మర తిప్పి చూపించినాను, గొట్టం పెట్టి ఊది చూపించినాను. చివర్లో, "పెట్టెను నమ్మొద్దండి, నన్నూ నమ్మొద్దండి, మీ చేతిని నమ్మండి" అన్నాను.

దిగేసరికి డ్రైవర్లు వాళ్ల వాళ్ల బండ్లలో పెట్టుకున్న కొత్త ఫిల్టర్లు తెచ్చుకుని నా ముందర వరసలో నిలబడినారు. నుదుట కుంకుమ, మెడలో బంతిపూలు, చేతిలో ఫిల్టరు డబ్బా. ఆ పాలవ్యాను డ్రైవరు అందరికంటే ముందర ఉన్నాడు. ఒక్కొక్కటే తీసుకుని చూస్తా, వాళ్ల చేతికే ఇచ్చి చూడమంటా పోయినాను. వరస టీ అంగడి దాటి పోయింది. మా ఆయన బిరడా గొట్టం తుడిచి అందిస్తున్నాడు. నాయన తన కారు బానెట్‌కు ఆనుకుని, పక్కనున్న ఎవరో తెలియని మనిషితో మాట్లాడుతున్నాడు. చప్పుడులో మాటలు వినపడలేదు గానీ, ఆయన చేయి ఎత్తి చూపిస్తున్నది నావైపే.